చెక్క అచ్చులో చెట్టు: జపాన్ చిత్రాలు, బందరు అద్దకం, కోనసీమ కొబ్బరి

చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పట్టించి, కాగితం మీదో గుడ్డ మీదో దించే విద్య ఆసియాలో చాలా చోట్ల ఉంది. అందులో చెట్టును ప్రధాన వస్తువుగా నిలబెట్టిన సంప్రదాయాల్లో రెండు ఇక్కడ ముఖ్యం. ఒకటి జపాన్‌లో ఎడో నగరం, అంటే నేటి టోక్యో, కేంద్రంగా 18, 19 శతాబ్దాల్లో వర్ధిల్లిన ఉకియో-ఎ ముద్రణ. రెండోది బందరు, పెడన ప్రాంతాల్లో నేటికీ సాగుతున్న కలంకారీ అద్దకం. మొదటిదానిలో చెట్టుకు ఊరుంది, పేరుంది, ఒక్కోసారి వయసు కూడా ఉంది. రెండోదానిలో చెట్టు అద్భుతంగా పూస్తుంది, కానీ ఏ ఊరిదో చెప్పలేం. తెలుగు తీరంలో అచ్చయి ప్రపంచమంతా తిరిగిన ఆ చెట్టులో తెలుగు నేల మీది మామిడి, మర్రి, తాటి గుర్తుపట్టేట్టుగా కనిపించవు. ఆకాశం పట్టనంతగా కొబ్బరి పెరిగే కోనసీమ అయితే ఆ అచ్చుల్లోకి ఎక్కనే లేదు. ఈ తేడాకు కారణం కళాకారుల నేర్పులో లేదు, చెక్కలో లేదు, రంగుల్లో లేదు. అచ్చును కొనేవారు దానినుంచి ఏం కోరుకున్నారన్నదే చెట్టుకు ఊరు ఉంటుందో లేదో తేల్చింది. ఈ వ్యాసం రెండు సంప్రదాయాలనూ ఆ దృష్టితో పరిశీలిస్తుంది.

ఎడో నగరపు చెట్లు

జపాన్‌లో బహువర్ణ ముద్రణ, అంటే నిషికి-ఎ, 1765 ప్రాంతంలో సుజుకి హరునోబు చిత్రాలతో స్థిరపడింది. చిత్రకారుడు గీసిన బొమ్మను చెర్రీ చెక్క మీద అతికించి, గీతలు మాత్రం మిగిలేట్టు చెక్కుతారు. ఆ తర్వాత ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. ప్రతి చెక్క మూలనా ఒకే చోట గాడి ఉంటుంది, కాగితాన్ని అక్కడికి ఆనిస్తే రంగులు ఒకదాని మీదికి ఒకటి జరగవు. గీసేవాడు, చెక్కేవాడు, అద్దేవాడు వేర్వేరు మనుషులు. వీళ్ల ముగ్గురినీ కలిపి పెట్టుబడి పెట్టేవాడు ప్రచురణకర్త. ఏ బొమ్మ అమ్ముడుపోతుందో లెక్క వేసేదీ అతనే. కొనేవాళ్లలో ఎక్కువమంది ఎడో పట్టణవాసులు, ఆ నగరానికి వచ్చి ఊరికి ఏదైనా తీసుకెళ్లాలనుకునే ప్రయాణికులు. బొమ్మ చవక కాబట్టి మామూలు ఇళ్లలోకి చేరింది.

ఈ కొనుగోలుదారు ఉన్నందువల్లే చెట్టుకు చిరునామా వచ్చింది. హొకుసాయ్ (1760–1849) 1830 ప్రాంతంలో మొదలుపెట్టిన ఫూజీ పర్వత దృశ్యాల్లో ఒకటి కాయ్ రాష్ట్రంలోని మిషిమా కనుమ. అందులో బాటసారులు చేతులు చాచి ఒక మహా దేవదారు మొదలును కొలుస్తుంటారు. ఫూజీ వెనక్కి జరిగి చెట్టే కథ అయింది. హిరోషిగె (1797–1858) ఇంకా ముందుకు వెళ్లాడు. ఒమి ఎనిమిది దృశ్యాల్లో కరసాకి పైన్ చెట్టు మీద కురిసే రాత్రి వానను గీశాడు. 1856 నుంచి 1858 దాకా వెలువడ్డ ‘ఎడో నూరు ప్రసిద్ధ దృశ్యాలు’ మాలలో ఉయెనో చంద్ర పైన్ ఉంది, దాని కొమ్మ గుండ్రంగా తిరిగి చంద్రబింబంలా కనిపించేది. అదే మాలలో 1857 నాటి కమెయిదో తోట చిత్రం ఉంది. పడుకున్న డ్రాగన్ అని జనం పిలుచుకునే ఒక ముసలి ప్లమ్ చెట్టు కొమ్మ చిత్రం ముందు భాగాన్నంతా ఆక్రమించి, తోట చూడవచ్చిన మనుషులను వెనకకు నెట్టేసింది. చెట్టు పైకొస కనబడదు, మొదలు కనబడదు. అయినా ఎడో వాళ్లకు అది ఏ చెట్టో తెలుసు. పక్కనే చిన్న చీటీ లాంటి గడిలో స్థలం పేరు రాసి ఉంటుంది.

జపాన్ చెట్లు కూడా సంప్రదాయపు అచ్చులో పోసినవే కదా అని ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. పైన్, వెదురు, ప్లమ్ కలిసిన శుభ చిహ్నం చైనా నుంచి వచ్చింది. ఎనిమిది దృశ్యాలు అన్న చట్రం కూడా చైనాలోని షియావో–షియాంగ్ నదుల చిత్రాల నుంచి తీసుకున్నదే. హిరోషిగె చూడని చోట్లను యాత్రా గ్రంథాల బొమ్మల ఆధారంగా గీసిన సందర్భాలూ ఉన్నాయి. ఇదంతా నిజమే. కాని వాదన చెట్టు ఎంత యథాతథంగా ఉందన్నదాని గురించి కాదు. పేరు రాసిన చీటీ కొనేవాడికి ఒక హామీ. కావాలంటే వెళ్లి చూసుకో అంటుంది. చూడగలిగిన వాడు, చూసి వచ్చినవాడు, చూడాలని ఉన్నవాడు కొంటాడు కాబట్టే ఆ హామీకి విలువ. ఆ కొనుగోలుదారు మారితే హామీ ఎలా రాలిపోతుందో 1887లో చిత్రకారుడు వాన్ గో చేసిన పని చూపిస్తుంది. అతను పారిస్‌లో కమెయిదో ప్లమ్‌ను నూనె రంగుల్లో మళ్లీ గీసి, రెండు పక్కలా జపనీస్ అక్షరాలను అలంకారంగా పేర్చాడు. ఆ అక్షరాలకూ ఆ తోటకూ సంబంధం లేదు. చెట్టు మిగిలింది, చిరునామా పోయింది.

కోరమాండల్ తీరపు చెట్టు

డచ్చివారు 17వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో, అంటే బందరులో, వర్తక స్థానాలు పెట్టుకున్నారు. వారికి కావలసిన సరుకుల్లో ముఖ్యమైనది రంగు వెలవని నూలుబట్ట. ఇక్కడి పనివారి రహస్యం అచ్చులో కన్నా రంగు పట్టించే పద్ధతిలో ఉంది. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి నలుపు తీస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక అద్ది, చిరివేరుతో ఉడకబెడితే పటిక ఉన్న చోటే రంగు నిలుస్తుంది. నీలానికి నీలిమందు. ఒక్కో దశకూ పారే నీటిలో ఉతుకు, ఎండలో ఆరబోత తప్పవు. అందుకే ఈ పని కాలువల పక్కన, ఏటి ఒడ్డున స్థిరపడింది. గీతకు ఒక చెక్క, రంగు నింపడానికి వేరే చెక్కలు. టేకు చెక్క మీద చెక్కి నూనెలో నానబెట్టిన అచ్చులు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. నాణ్యమైన ఎగుమతి బట్టల మీద మాత్రం గీతను కలంతో చేత్తోనే గీసేవారు.

ఈ బట్టల్లో సేకరణకర్తలు, మ్యూజియంలు ఎక్కువగా దాచుకున్నది పలంపూర్ అనే పరుపు దుప్పటి లేదా గోడ తెర. 18వ శతాబ్దంలో దాని రూపం ఇది: అడుగున పొలుసుల్లా పేర్చిన రాతి దిబ్బ, దాని నుంచి మెలికలు తిరుగుతూ లేచే సన్నని మొదలు, నాలుగు వైపులా పాకే కొమ్మలు. ఒకే చెట్టుకు పది జాతుల పూలు పూస్తాయి, మధ్య మధ్య పక్షులు, కింద జింకలో కుందేళ్లో ఉంటాయి. దీన్ని సాధారణంగా జీవవృక్షం అని పిలుస్తారు, భారతీయ కల్పవృక్షంతో పోలుస్తారు. కానీ దీని పుట్టుక అంత పాతది కాదు. లండన్ పరిశోధకుడు జాన్ ఇర్విన్, కేథరిన్ బ్రెట్‌తో కలిసి 1970లో వెలువరించిన గ్రంథం ఈ చెట్టును విడగొట్టి చూపింది. అందులో పర్షియన్ సూక్ష్మచిత్రాల పొద ఉంది, చైనా శైలి రాళ్లు, వెదురు ఉన్నాయి, ఆంగ్లేయ ఊలు కుట్టుపనిలోని ఆకుల తీగ ఉంది. ఇవన్నీ తెలుగు చేతుల్లో కలిశాయి. 1643లోనే ఈస్టిండియా కంపెనీ లండన్ డైరెక్టర్లు సూరత్‌కు రాస్తూ, ఎర్రనేల దుప్పట్లు తమ ఊళ్లో ఆడడం లేదని, తెల్లనేల మీద మధ్యలో పూలు, కొమ్మలు ఉన్నవి పంపమని కోరారు. ఆ తర్వాత నమూనాలే పంపడం మొదలైంది. చెట్టు రూపం సముద్రం అవతల నుంచి వచ్చిన కోరికకు ఇక్కడి జవాబు.

అవే చేతులు, వేర్వేరు చెట్లు

కొనేవారి కోరికే నిర్ణాయకమని ఒక్క ఇంగ్లండ్ ఉదాహరణతో తేల్చలేం. బలమైన సాక్ష్యం పోలికలో ఉంది. ఒకే తీరంలో, ఒకే రంగులతో, ఒకే రకమైన పనివారు వేర్వేరు సంతలకు వేర్వేరు చెట్లు తయారుచేశారు. ఐరోపాకు తెల్లనేల మీద దిబ్బ, పూల చెట్టు. ఇరాన్‌కు మిహరాబు కమాను, అందులో నిటారు సైప్రస్ చెట్టు ఉన్న ప్రార్థనా వస్త్రాలు, గోడ తెరలు. ఈ సరుకు 19వ శతాబ్దంలోనూ బందరు నుంచి వెళ్లింది. ఆగ్నేయాసియా దీవులకు ముదురు ఎరుపు నేల, అంచుల వెంట కోణాకారపు వరసలు. సయాం రాజాస్థానానికి దేవతా మూర్తులు, జ్వాలల్లాంటి లతలు. సంత మారితే చెట్టు మారింది, చేయి మారలేదు.

జపాన్ కూడా ఈ సంతల్లో ఒకటి కావడం విశేషం. 1641 తర్వాత నాగసాకిలోని దెజిమా దీవి నుంచి డచ్చివారు దింపిన భారతీయ రంగుబట్టను జపనీయులు సరస అన్నారు. చిన్న ముక్క కూడా ఖరీదే కాబట్టి టీ పాత్రల సంచులకు, పొగాకు తిత్తులకు వాడేవారు. హికోనె ప్రభు వంశం దాచిన సుమారు 450 ముక్కల సేకరణ నేడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. 1778లో ‘సరస బెన్రన్’ అనే నమూనాల పుస్తకం వచ్చింది, కోరమాండల్ అద్దకం పువ్వులూ ఆకులూ జపాన్ చెక్క అచ్చులోకి ఎక్కాయి. అంటే హిరోషిగె పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే రెండు సంప్రదాయాలు ఒక పుస్తకంలో కలుసుకున్నాయి. కలిసిన తీరు మన వాదనకు బలమే. తన ఊరి పైన్ చెట్టు పేరు రాసి ఉన్న బొమ్మను కొన్న ఎడో పట్టణవాసి, సరసలోని కొమ్మ ఏ ఊరి కొమ్మ అని అడగలేదు. అతనికి అది దూరదేశపు అందం. ఒకే మనిషి ఒక అచ్చులో చిరునామా కోరాడు, మరో దానిలో కోరలేదు.

ఈ వాదనను అటు నుంచి పరీక్షించడానికి శ్రీకాళహస్తి ఉంది. అక్కడ కలంతో గీసే ఆలయ తెరలు దగ్గరి భక్తుల కోసం తయారయ్యాయి. రామాయణ, భారత ఘట్టాలు గళ్లు గళ్లుగా ఉంటాయి, గడుల అంచున తెలుగులో వివరం రాసి ఉంటుంది. సీత కూర్చున్న చెట్టు ఏ జాతిదో ఆకును చూసి చెప్పడం కష్టమైనా, అశోకవనం అని భక్తుడికి సందేహం ఉండదు. హిరోషిగె చీటీ లాగే ఈ తెలుగు వాక్యమూ చదవగలిగిన కొనుగోలుదారు కోసం రాసినది. లండన్‌కు వెళ్లే పలంపూర్ మీద ఏ పేరూ లేదు. శ్రీకాళహస్తి భక్తుడికి కావలసింది కథ కాబట్టి చెట్టుకు కథలో చోటు దొరికింది, భూమ్మీద చోటు దొరకలేదు.

కోనసీమ ఎందుకు లేదు

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, వైనతేయ చీల్చుకుపోయే లంకల నేల కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట దీని ముఖ్య పట్టణాలు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ రాష్ట్రమంతటికీ తెలిసిన పేరు. ఈ నేల బట్ట వ్యాపారానికి దూరంగా ఉన్నదేమీ కాదు. అమలాపురానికి దక్షిణాన తీరం దగ్గరి బెండమూర్లంకలో ఆంగ్లేయుల వర్తక స్థానం ఉండేది. యానాం పక్కన ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం కూడా వారివే. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ పట్టుకున్నాడు. వసిష్ఠ అవతలి పాలకొల్లులో డచ్చివారు ఉన్నారు, వారి సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే ఈ స్థానాలు ప్రధానంగా ఎగుమతి చేసింది మగ్గం మీది తెల్లబట్ట. మాధవాయపాలెం పేరు ఐరోపాలో మదపోలం అనే తెల్లబట్టకే పేరైంది. నేటి బండారులంక, మోరి నేత కూడా మగ్గం విద్యే. గోదావరి లంకలు బట్టను ఇచ్చాయి, చెట్టు మాత్రం దాని మీదికి ఎక్కలేదు.

దీనికి రెండు సులువైన కారణాలు చెప్పవచ్చు. మొదటిది రూపానికి సంబంధించినది. కొబ్బరికి కొమ్మలు లేవు, నిలువు గీత, పైన ఒక గుత్తి. దుప్పటి మధ్య నుంచి నాలుగు అంచులకూ పాకే చెట్టు కావలసిన చోట అది పనికిరాదు. ఈ మాటలో కొంత నిజముంది. కానీ చిత్రకారులు చట్రాన్ని మార్చుకోగలరని కమెయిదో ప్లమ్ రుజువు చేసింది. మొదలును ముందుకు తెచ్చి, కొసను కోసేసి, దాని చాటున దృశ్యాన్ని పెడితే నిలువు చెట్టు అడ్డంకి కాదు, వాటమైన వస్తువు. పైగా సైప్రస్‌కూ విస్తరించే కొమ్మలు లేవు. ఇరాన్ కొనుగోలుదారు కోరాడు కాబట్టి బందరు పనివారు దానికి కమాను కట్టి ఇముడ్చుకున్నారు. కొబ్బరిని ఎవరూ కోరలేదు.

రెండో కారణం చరిత్రకు సంబంధించినది. కాలువ గట్ల మీద బారులు తీరిన కొబ్బరి అనే నేటి దృశ్యం 1847–1852 మధ్య కాటన్ దొర కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువల తర్వాత రూపుదిద్దుకున్నదని, కంపెనీల నాటి చెట్టులో దాన్ని వెతకడం కాలం తప్పిన పని అని అనవచ్చు. ఇందులోనూ బలం ఉంది. కాని అప్పుడు మామిడి, మర్రి, రావి, తాటి ఉన్నాయి కదా. దిబ్బ మీది చెట్టులో వాటినీ గుర్తుపట్టలేం. కాలువలు వచ్చి కొబ్బరి విస్తరించాక కూడా అద్దకంలో మార్పు రాలేదు. కాబట్టి లోటు ఒక్క కొబ్బరిది కాదు, ఊరి చెట్టు అనే భావనదే.

మూడో అభ్యంతరం మరింత గట్టిది. గోల్కొండ సుల్తానులు, వారి కొలువులోని ధనికులు స్థానిక కొనుగోలుదారులే. 17వ శతాబ్దపు గోల్కొండ రుమాళ్లలో మాత్రం చెట్లు పర్షియా తోటల నుంచి వచ్చాయి. మరి దగ్గరి కొనుగోలుదారు ఉంటే ఊరి చెట్టు వస్తుందన్నది ఎలా నిలుస్తుంది? నిలవదు, ఆ రూపంలో. మైళ్ల దూరం కొలత కాదని గోల్కొండ చెబుతోంది. ఆ కొలువు తనను ఇస్ఫహాన్ సంస్కృతికి దగ్గరగా చూసుకోవాలనుకుంది, అలాంటి చెట్టునే కొనుక్కుంది. దీనికి తిరుగు ఉదాహరణ 20వ శతాబ్దపు జపాన్‌లో దొరుకుతుంది. ప్రచురణకర్త వతనబె షొజబురొ ప్రోత్సాహంతో కవసె హసుయి (1883–1957) గీసిన చిత్రాలను అమెరికన్లు విరివిగా కొన్నారు. అయినా 1925 నాటి షిబా జోజోజి గుడి మంచు దృశ్యంలో చెట్టుకు, గుడికి చిరునామా చెక్కుచెదరలేదు. యొషిద హిరోషి (1876–1950) భారతదేశం తిరిగి వచ్చి 1930ల మొదట్లో అప్పటి నిజాం రాజ్యంలోని అజంతా, ఎల్లోరాలను కూడా పేర్లతో సహా చెక్క అచ్చుల్లో దించాడు. ఆవిరి ఓడలు, ఫోటోలు, యాత్రలు పెరిగిన కాలపు కొనుగోలుదారుకు ఆ చోటే కావాలి. పలంపూర్ కొన్నవారికి కావలసింది పడకగది. అందువల్ల వాదనను ఇలా సరిదిద్దుకోవాలి: కొనేవాడు ఎక్కడుంటాడన్నది ముఖ్యం కాదు, ఆ బొమ్మ ద్వారా ఒక చోటును సొంతం చేసుకోవాలనుకుంటున్నాడా అన్నది ముఖ్యం.

తెలుగు చూపు మొదలైన చోటు

ఈ కొలతతో చూస్తే గోదావరి చెట్టు బొమ్మలోకి ఎప్పుడు వచ్చిందో తేటపడుతుంది. తెలుగువాళ్లు తమ నేలను చూడదగిన వస్తువుగా భావించడం మొదలైన తర్వాతే వచ్చింది. 1910లో బందరులో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల ఈ మార్పుకు ఒక కేంద్రం. ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ చిత్రకళ నేర్పాడు, అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. శాంతినికేతన్ కళాభవన్ నుంచి వచ్చిన రమేంద్రనాథ్ చక్రవర్తి 1920ల్లో కొంతకాలం అక్కడ బోధించాడు. తర్వాత ఆయన దేశంలో చెక్క అచ్చు చిత్రాలకు పేరుపడ్డ కళాకారుడయ్యాడు. 1902లో జపాన్ కళావేత్త ఒకకుర, ఆ మరుసటి ఏడు చిత్రకారుడు తైకాన్ కలకత్తా రావడంతో బెంగాల్‌కు చేరిన జపాన్ ప్రభావపు ఒక పాయ ఇలా బందరును తాకింది. రాజమండ్రిలో కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగిన దామెర్ల రామారావు (1897–1925) తన చిన్న జీవితంలో గోదావరి దృశ్యాలను చిత్రించాడు. ఇక్కడి చెట్టు ఎవరి దుప్పటికీ నమూనా కాదు.

అయితే వీళ్ల చిత్రాలు కొద్దిమందికే చేరాయి. గోదావరి తీరాన్ని లక్షల ఇళ్లలోకి తీసుకెళ్లింది పత్రికలు, పుస్తకాల ముఖచిత్రాలు, సినిమా. నరసాపురంలో పుట్టిన బాపు (1933–2014) నాలుగు గీతల్లో గోదావరి ఊరిని, దాని మనుషులను పత్రిక పేజీ మీద నిలబెట్టాడు. ఆయన మొదటి సినిమా ‘సాక్షి’ (1967) ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో తీశారు. ఎడోలో చవక బొమ్మ చేసిన పనిని ఇక్కడ వారపత్రిక, తెర చేశాయి. కొనేవాడు తెలుగువాడు, చూడాలనుకున్నది తన గోదావరి. అందుకే చిరునామా వచ్చింది. అది చెక్క అచ్చులో కాకుండా జింకు బ్లాకులో, ఫిల్ములో రావడం కాలం తెచ్చిన తేడా మాత్రమే.

ఈ వాదనకు ఒక హద్దు ఉంది. కొనేవాడి కోరిక చెట్టుకు ఊరు ఎందుకుందో, ఎందుకు లేదో చెబుతుంది. చెట్టు ఎందుకు అందంగా ఉందో చెప్పదు. ఊరు లేని పలంపూర్ చెట్టు తక్కువ కళ కాదు. మూడు నాగరికతల కొమ్మలను ఒకే మొదలుకు అంటుగట్టి, మూడు వందల ఏళ్ల తర్వాత కూడా ఎరుపు వెలవకుండా నిలబెట్టడం హిరోషిగె నేర్పుకు తీసిపోదు. మ్యూజియం చీటీలు దాన్ని అనాదిగా వచ్చిన జీవవృక్షమని రాసినప్పుడే నష్టం జరుగుతుంది. అలా రాస్తే దాన్ని రూపొందించిన బేరసారాలు, ఆ బేరాన్ని కళగా మార్చిన బందరు పనివారి తెలివి రెండూ మరుగున పడతాయి. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పెడనలో అచ్చులు ఇంకా చెక్కుతున్నారు. కోనసీమకు యాత్రికులు వస్తున్నారు, 2022లో అది ప్రత్యేక జిల్లా కూడా అయింది. కాలువ గట్టు మీది కొబ్బరిని పెడన టేకు చెక్క మీద చెక్కడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. అలాంటి బట్టను ఇది ఫలానా లంకలోని తోట అని అడిగి కొనేవారు తగినంతమంది ఉంటే ఆ అచ్చు పుడుతుంది. లేకపోతే ఇంకో నూరేళ్లయినా దిబ్బ మీది పూలచెట్టే అచ్చవుతుంది. ఈ వ్యాసం చెప్పిన మాట నిజమో కాదో తేల్చడానికి అంతకన్నా తేలికైన పరీక్ష ఉండదు.